ఎడమకాలి సుఖం చెల్లదు

ఆటోమేటిక్ కారు కొన్నవాళ్లు తాము సుఖపడుతున్నామని అనుకుంటున్నారు. పాపం, అమాయకులు. సుఖమో కాదో తేల్చాల్సింది కార్లను పరీక్షించే నిపుణులు. వాళ్లు ఎప్పుడో తేల్చేశారు: గేరు ఆలస్యంగా మారుతుంది, మారేటప్పుడు తల ఊగుతుంది, నడపడంలో మజా లేదు. ఇక క్లచ్ తొక్కే పని లేక మన ఎడమకాలికి హాయిగా ఉందంటే అది కాలి భ్రమే.

ఇంతకీ ఈ తీర్పు ఎక్కడ ఇచ్చారు? తెల్లవారుజామున, ఖాళీ ఘాట్ రోడ్డు మీద, కంపెనీవాళ్లు పోయించిన పెట్రోలుతో. న్యాయవిచారణకు ఆమాత్రం ప్రశాంతత ఉండాలి. సాయంత్రం ఆరున్నరకి అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా రెండో గేరు మొహం చూడని కారుకి, మలుపులో నాలుగు నుంచి మూడుకి ఎంత చురుగ్గా దిగుతుందన్నది ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

తల ఊగడం మాత్రం నిజం. ఆటోమేటిక్‌లలో ఒక రకమైన ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. కాకపోతే క్లచ్ నొక్కి గేరు మార్చే పని యంత్రం చేసిపెడుతుంది. 2014లో సెలెరియోతో మారుతి దీన్ని మన దేశంలో చిన్న కార్లలోకి తెచ్చింది. గేరు మారే ఆ క్షణం ఇంజిన్ లాగుడు తెగుతుంది, మళ్లీ అందుకుంటుంది. అందుకే ఊపు. ముందు సీట్లో కూర్చున్న మా మామగారు నేనేం మాట్లాడినా తలూపుతున్నారంటే ఆ పుణ్యం దీనిదే. నిపుణులు దీన్నీ లోపాల జాబితాలోనే రాశారు.

వాళ్లకు నచ్చేది డీసీటీ, అంటే రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్. రెప్పపాటులో గేరు మారుస్తుందట. అందులో క్లచ్ నూనెలో మునగని డ్రై క్లచ్ రకాన్ని జామ్‌లో గంటసేపు అంగుళం అంగుళం జరిపితే వేడెక్కి డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగిస్తుంది. ఘాట్ రోడ్డు మీద జామ్ లేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

అలాగని ఆటోమేటిక్‌కి వంకలు లేవా? బోలెడు. పెళ్లికని యాక్టింగ్ డ్రైవర్‌ని పిలిస్తే, అతని ఎడమకాలు అలవాటుగా క్లచ్ వెతుక్కుంటూ వెళ్లి బ్రేకు మీద బలంగా పడింది. వెనక అత్తయ్యగారి ఒళ్లో ఉన్న పులిహోర గిన్నె ముందు సీటుకి వచ్చింది. బ్యాటరీ దిగిపోతే కాలనీ అంతా కలిసి తోసినా స్టార్ట్ కాదు. నలుగురూ నెట్టి, ఆయాసపడి, మన చదువుని ఓసారి శంకించి వెళ్తారు. ఏ నిపుణుడూ ఇవి రాయడు. ఆయన కారు తోసినవాడు కాదు, పులిహోర మోసినవాడూ కాదు.

కాబట్టి ఒక విన్నపం. ఇకమీదట పరీక్షలు మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద జరపాలి. ముందు కారు సగంలో ఆగాలి, వెనక నీళ్ల ట్యాంకర్ హారన్ కొట్టాలి, ఎత్తులో ఆగిన కారుని వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ ఉందో లేదో అక్కడే తేలాలి. పక్కన మా వాచ్‌మన్ “రానీయండి సార్, రానీయండి” అంటూ నిలబడతాడు. స్టార్లు కూడా అతనే ఇస్తాడు.