ప్రజ్ఞాలబ్ధి గారికి తొంభై రెండు గాడి నాన్న రాయునది

మహారాజశ్రీ ప్రజ్ఞాలబ్ధి (ఇంగ్లీషులో ఐక్యూ) గారి సముఖానికి,

కోనసీమలోని ఒక లంక ఊరి నుంచి రాస్తున్నాను. ఇక్కడ మేమంతా క్షేమం. గోదావరి తగ్గింది, రేవులో బురద మాత్రం తగ్గలేదు. అక్కడ తమరు కూడా నూటికి అటూ ఇటూగా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

తమరు నన్ను మరిచిపోయి ఉంటారు. నేను మరవలేదు. డీఎస్సీకి రెండుసార్లు కూర్చున్నవాణ్ణి. మానసిక వయసును శారీరక వయసుతో భాగించి వందతో గుణించాలని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఉద్యోగం రాలేదు, తమరు మాత్రం బుర్రలో ఉండిపోయారు.

అసలు సంగతికొస్తాను. మావాడు కిందటేడు అయిదో తరగతి. బళ్ళో అయిదొందలు కట్టించుకుని ఐక్యూ టెస్ట్ పెట్టారు. కాగితం మీద 92 అని వచ్చింది. ఆ అంకె వినగానే మా అమ్మ "నూటికి తొంభై రెండే! మీ నాన్నకి జన్మలో రాలేదురా" అని వాడికి దిష్టి తీసి, పక్కింటికి బెల్లం పూతరేకులు పంపించింది. నూరంటే మీ లెక్కలో పైమెట్టు కాదనీ, నడిమి మెట్టనీ, 85కీ 115కీ మధ్య నూటికి దాదాపు 68 మంది ఉంటారనీ నేను వివరించేలోపే పూతరేకులు అయిపోయాయి. బడివాళ్ళకి అంత ఆనందం కలగలేదు. వాణ్ణి రెండో బెంచీ నుంచి ఆరో బెంచీకి మార్చారు.

ఏం తప్పు రాశావురా అని అడిగితే ఒక ప్రశ్న చెప్పాడు. నాలుగు బొమ్మలు: పడవ, సైకిలు, మోటారుసైకిలు, కారు. వీటిలో వేరైనది ఏది? నీళ్ళ మీద పోతుంది కాబట్టి పడవకి సున్న చుట్టాలి. మావాడు కారుకి చుట్టాడు.

"ఎందుకురా?"

"మనూరికి పడవొస్తది. పడవ మీద సైకిలొస్తది, మోటారుసైకిలొస్తది. కారొక్కటే రాదు నాన్నా."

దీనికి ఏ మార్కు వేయాలో తమరే సెలవియ్యండి. నాకైతే నోట మాట రాలేదు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా లంకల్లో ఈ అంకెలు ఎక్కాల కంటే ముందు నేర్చుకుంటారు. మొదటిదనగానే గొడ్లను గట్టు మీదకి తోలుకుపోతాం, రెండోదనగానే బియ్యం మూటలు అటకెక్కిస్తాం, మూడోదనగానే పిల్లల్నీ ముసలివాళ్ళనీ పడవెక్కిస్తాం. అంతేగాని "ఈ ఏడు గోదారికి పదమూడే వచ్చాయి, వెనకబడింది, ఆరో బెంచీలో కూర్చోబెట్టండి" అని ఎవరూ అనరు.

1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ ఆ పరీక్ష తయారుచేసింది ఇలాంటి హెచ్చరిక కోసమే కదండీ. ఏ పిల్లాడికి చదువులో సాయం కావాలో ముందుగా కనిపెట్టడానికి. సాధన చేయిస్తే తెలివి పెరుగుతుందని నమ్మినవాడు బినే. ఆయన 1911లో పోయాడు. మరుసటేడే విలియం స్టెర్న్ అనే జర్మనీ ఆయన భాగహారం చేసి తమరికి 'లబ్ధి' తగిలించాడు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ వందతో గుణించాడు. తండ్రి పోయాక చుట్టాలు పిల్లాణ్ణి తీసుకుపోయి ఎవరి వ్యాపారంలో వాళ్ళు పెట్టుకున్నట్టు.

ఆ టెర్మన్ గారే 1921లో తెలివైన పిల్లల్ని ఏరడం మొదలుపెట్టాడు. ఆయన జల్లెడలోంచి కిందికి రాలిపోయినవాళ్ళలో విలియం షాక్లీ ఒకడు. 1956లో ట్రాన్సిస్టర్ మీద పనికి నోబెల్ తెచ్చుకున్నాడు. తెచ్చుకుని ఊరుకున్నాడా? తనని కాదన్న తమర్నే నెత్తిన పెట్టుకుని, ఏ జాతికి తెలివి తక్కువో ఉపన్యాసాలిస్తూ తిరిగాడు. గోదావరోళ్ళకి వెటకారం ఎక్కువంటారు గాని, ఇంత వెటకారం మాకూ చేతకాదండి.

తమరి మీద నాకు పగేమీ లేదు. బళ్ళో ఎవరికి ఎలా మార్కులొస్తాయో తమరు చాలామటుకు సరిగ్గానే అంచనా వేస్తారు. తమరికి పోటీగా లేచిన హోవర్డ్ గార్డెనర్ గారి సిద్ధాంతానికి అంత గట్టి రుజువులు లేవు. 1983లో ఆయన తెలివి ఒకటి కాదు, ఏడు రకాలన్నాడు. తర్వాత ప్రకృతిని గుర్తుపట్టే తెలివిని ఎనిమిదోదిగా చేర్చాడు. వాటిలో ఎదుటివాళ్ళని తెలుసుకునే వ్యక్త్యంతర ప్రజ్ఞ, తనని తాను తెలుసుకునే వ్యక్త్యంతర్గత ప్రజ్ఞ అని రెండున్నాయి. ఆ రెండింటినీ నాలుక మడతపడకుండా పలికినవాడికి తొమ్మిదోది కూడా ఇచ్చేయొచ్చు. తెలివిని ఒక్క అంకెలో కుదించకండ్రా అని ఆయన పెద్ద పుస్తకం రాస్తే, మేం దాన్ని ఒక్క బిట్టుకి కుదించాం. గార్డెనర్ మొదట చెప్పిన ప్రజ్ఞలెన్ని? అర మార్కు.

ఇక భావోద్వేగ ప్రజ్ఞ. 1990లో సాలొవే, మేయర్ దాని మీద వ్యాసం రాశారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో ఊరూవాడా పాకింది. మా మేనత్తకి అప్పటికే ముదిరిపోయింది. పెళ్ళివారింట్లో అడుగుపెట్టి, కాఫీ గ్లాసు ఎవరు చేతికందించారో, ఎవరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారో చూసి, ఏ తోడికోడలికి ఏ తోడికోడలితో మాటల్లేవో చెప్పేస్తుంది. ఎదుటివాళ్ళ మనసు చదవడం, దాన్నిబట్టి మసలుకోవడం, అన్నీ ఉన్నాయి. సాయంత్రానికి మాటలున్నవాళ్ళకి కూడా లేకుండా చేసి వస్తుంది. దీన్ని కూడా బళ్ళో నేర్పుతామంటున్నారు. భయంగా ఉంది.

తమరికి చెప్పాల్సిన అసలు కబురిది. ఈ ఏడు బడివాళ్ళు తమర్ని తీసేశారు. పాతబడిపోయారట. ఇప్పుడు వేలిముద్రలు. పది వేళ్ళూ యంత్రం మీద పెడితే గార్డెనర్ గారి ఎనిమిది ప్రజ్ఞలూ రంగురంగుల కడ్డీలుగా వచ్చేస్తాయట. మూడు వేల రూపాయలు. వేలి గీతలకీ తెలివికీ ముడిపెట్టే శాస్త్రం ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ మా ఊళ్ళో అక్షరం రానివాణ్ణి వేలిముద్రగాడు అనేవాళ్ళం. ఇకమీదట చదువు ఎంత వస్తుందో తెలియాలన్నా వేలిముద్రే.

ఆవేళ నాతోపాటు మా బాబాయి వచ్చాడు. నలభై ఏళ్ళుగా కొబ్బరి దింపులు తీస్తున్నాడు. కింద నిలబడి తలెత్తి చూసి ఈ చెట్టుకి ఎన్ని కాయలు దిగుతాయో చెప్తాడు, రెండు మూడు అటూ ఇటూ. పైకెక్కాక కత్తి వెనక వైపుతో గెలను ఒక్కటి తట్టి, ఆ చప్పుడుకే ముదురో లేతో తేల్చేస్తాడు. మట్ట తడిగా ఉందంటే రైతు ఎంత బతిమాలినా ఎక్కడు. అలాగని దేవుడేం కాదండోయ్. ఏటా సంక్రాంతికి కోడిపందేల్లో ఆ దింపుల డబ్బంతా పోగొట్టుకునొస్తాడు.

యంత్రం దగ్గర కూర్చున్న కుర్రాడు "పెద్దవాళ్ళకి డెమో ఫ్రీ అండి, వేలు పెట్టండి" అన్నాడు. బాబాయి పెట్టాడు. రాలేదు. తుడిచి పెట్టాడు. రాలేదు. చెట్టు బెరడుకి రాసుకుని రాసుకుని ఆ వేళ్ళ మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. కుర్రాడు ఎడం చెయ్యి పెట్టమన్నాడు, అదీ కుడిచెయ్యి లాగే ఉంది. యంత్రం ఎర్ర లైటు వేసి కీచుమంది.

బాబాయి కుర్రాడి టెన్షన్ చూసి జాలిపడ్డాడు.

"ఆయ్, రేషన్ డిపోలో కూడా ఇంతేనండి. కన్ను పెట్టమంటారా?"

ఇట్లు,
తమరి పాత విద్యార్థి