ఆ పిల్లకి పావుగంట ఇవ్వండి

ఈసారి మన తెలుగు సంఘం ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయ్యాక జరిగింది చాలామంది చూసే ఉంటారు. హైస్కూలు అమ్మాయి ఒకతి మత్స్యావతారం గురించి మాట్లాడుతోంది. జలప్రళయంలో మనువును చేప కాపాడిన కథ చెప్పి, ఇలాంటిదే బాబిలోనియా మట్టిపలకల మీదా ఉందనేసరికి కార్యవర్గంలో ఒక పెద్దాయన లేచి మైకు అందుకున్నారు. "అందరూ మన దగ్గర్నుంచి ఎత్తుకుపోయినవేనమ్మా, అది చెప్పు" అన్నారు. చప్పట్లు మోగాయి. పిల్ల కాగితాలు మడుచుకుని దిగిపోయింది. తర్వాత సినిమా డాన్సులకు మాత్రం టైం సరిపోయింది.

పెద్దాయన బాధ తెలియనిది కాదు. ఈ పరాయి దేశపు బళ్లలో మన పురాణాలంటే మైథాలజీ, ఇంకొకరివైతే మతం. ఉక్రోషం వస్తుంది, నాకూ వస్తుంది. అయినా ఆ 'ఎత్తుకుపోవడం' మింగుడుపడలేదు.

మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పక్కింటాయన వచ్చాడు. వాళ్ల పూర్వీకులది నార్వే. ప్రసాదం తింటూ, ఇందాక చదివిందేమిటని అడిగాడు. పురోహితులుగారు అప్పటికే ఇంకో గృహప్రవేశానికి పరుగెత్తారు కాబట్టి పురుషసూక్తం, అదే ఋగ్వేదంలోని సృష్టి సూక్తం, చెప్పాల్సిన పని నా మీద పడింది. దేవతలు యజ్ఞంలో అర్పించిన విరాట్పురుషుడి మనసులోంచి చంద్రుడు, కంటిలోంచి సూర్యుడు, తలలోంచి ఆకాశం పుట్టాయని వచ్చినంతలో చెప్పాను. ఆయన స్పూను పక్కన పెట్టేశాడు. "మా యుమిర్ కూడా ఇంతే" అన్నాడు. వాళ్ల దేవతలు యుమిర్ అనే మహాకాయుణ్ణి చంపి పుర్రెతో ఆకాశం, నెత్తురుతో సముద్రం, ఎముకలతో కొండలు చేశారట. మనది యజ్ఞం, వాళ్లది హత్య. ఆ తేడా మీద మేమిద్దరం రెండు కాఫీల సేపు వాదించుకున్నాం. సంస్కృతం, వాళ్ల పూర్వీకుల భాష పాత నార్స్ ఒకే భాషా కుటుంబానివి కాబట్టి రెండు కథల వెనకా ఉమ్మడి పాత కథ ఒకటి ఉండి ఉంటుందని చాలామంది పండితులు అంటారు. అన్నదమ్ముల ఆస్తిలో దొంగతనం ఏముంది?

జలప్రళయం సంగతి వేరు. 1872లో లండన్‌లో జార్జ్ స్మిత్ అనే పండితుడు ఆ బాబిలోనియా పలకల మీది గిల్గమేష్ ప్రళయగాథ చదివి వినిపిస్తే ప్రధాని గ్లాడ్‌స్టన్ కూడా వచ్చి విన్నాడు. బైబిల్లో నోవహు కథలోలాగే ఓడ, కొండ, వదిలిన పక్షులు. పలకలు పాతవి కాబట్టి మనవాళ్లే అక్కణ్ణుంచి తెచ్చుకున్నారని మా అబ్బాయి వాదం. అదీ తొందరే. మనవి నోటి మీద నడిచిన కథలు, వాటి వయసు మట్టిపలకతో తేలదు. పైగా మనువు కథ ఉన్న పాత వైదిక గ్రంథం శతపథ బ్రాహ్మణంలో చేప ఉంది, పక్షులు లేవు. టైగ్రిస్ అయినా గోదావరి అయినా, వరద చూసినవాడికి ఇలాంటి కథ ఒకరు నేర్పాలా?

అసలు మనలోనే ఆ కథ ఎంత మారింది! శతపథంలో ఆ చేపను విష్ణువని చెప్పలేదు. భాగవతానికి వచ్చేసరికి విష్ణువయ్యాడు, మనువు కాబోయే సత్యవ్రతుడు ద్రవిడ దేశపు రాజై కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్నాడు. నాగలాపురంలో అదే మత్స్యమూర్తికి వేదనారాయణస్వామిగా గుడి కట్టి కొలుస్తున్నాం. ఇందులో ఎవరు ఎవరి దగ్గర ఎత్తుకుపోయినట్టు?

బ్రహ్మ సృష్టి మొదలుపెట్టింది ఉగాది నాడేనని ప్రతి ఏడూ వేదిక మీద చెప్పుకుంటాం. సృష్టి ఎలా జరిగిందో పైనున్న అధ్యక్షుడికి తెలుసో, ఆయనకీ తెలియదో అని సందేహపడ్డ ఋషి మన ఋగ్వేదంలోనే ఉన్నాడు. ఆయన మన సభకొస్తే ఆయన మైకూ లాక్కుంటామా?

దీపావళి కార్యక్రమాల జాబితా ఇంకా ఖరారు కాలేదని విన్నాను. కార్యవర్గానికి నా మనవి ఒకటే: ఆ అమ్మాయిని పిలిచి పావుగంట ఇవ్వండి, మధ్యలో ఎవరూ లేవకండి. టైం లేదంటారా, నా పద్యాలకిచ్చే పావుగంట తీసేసుకోండి. ఎలాగూ అప్పుడు జనం భోజనాల లైన్లోనే ఉంటారు.