తాగుడు మానకపోవడం మనోబలం లేకేనా?

ఈ మధ్య చాలామంది ఫోనుల్లో ఒకరికొకరు పంపుకుంటున్న సందేశం ఇది: "తాగేవాడికి కారణాలుండవు, సాకులుంటాయి. బాధలున్నవాళ్లంతా తాగుతున్నారా? మనసు గట్టిదైతే ఈ పూటే మానేస్తాడు." ఇందులో చివరి మాట నమ్మితే ప్రాణాలే పోవచ్చు. అందుకే జవాబు చెప్పక తప్పదు.

కారణాలుండవా? కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం, మద్యానికి బానిసయ్యే ముప్పులో దాదాపు సగం వంశపారంపర్యంగా వచ్చేదే. మిగతాదాంట్లో పెరిగిన పరిసరాలు, చిన్ననాటి హింస, మద్యం చేతికందే తీరు ఉన్నాయి. 15 ఏళ్లు నిండకముందే మొదలుపెట్టినవారికి ముప్పు మరీ ఎక్కువ. ఆ వయసులో అందరూ తాగేది బాధతోనే కాదు, తోటివారిలో వేరుగా కనిపించకూడదని కూడా కొందరు తాగుతారు.

బాధలున్నవాళ్లంతా తాగరన్నది నిజమే. పొగతాగేవాళ్లందరికీ క్యాన్సర్ రాదు. అంతమాత్రాన పొగ కారణం కాకుండా పోతుందా? అసలు చూడవలసింది తాగుడు మొదలైన తరువాత జరిగేది. మద్యం మెదడును శాంతపరిచే 'గాబా' అనే రసాయనం ప్రభావాన్ని పెంచి, ఉత్తేజపరిచే 'గ్లుటమేట్' అనే రసాయనాన్ని అణుస్తుంది. అందుకే కాసేపు దిగులు తగ్గినట్టుంటుంది. రోజూ తాగేవారి మెదడు దీనికి సర్దుకుని ఎదురు తిరుగుతుంది. మత్తు దిగగానే ఆందోళన ముందుకన్నా పెరుగుతుంది. తొందరగా పట్టిన నిద్ర అర్ధరాత్రి దాటాక చెదిరిపోతుంది. మందు తెచ్చిన కలతను అణచడానికే మళ్లీ మందు! మొదట తాగించిన కారణం ఎప్పుడో పోయి, తాగుడే కారణమై కూర్చుంటుంది. మనం సాకు అని కొట్టిపారేస్తున్నది దీన్నే.

ఇదంతా చెప్పడం తాగి ఇంట్లోవాళ్లను హింసించేవాణ్ణి వెనకేసుకు రావడానికి కాదు. ఆ తప్పుకు అతనే బాధ్యుడు.

ఇక "ఈ పూటే" అన్న మాట. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవారు ఉన్నట్టుండి ఆపితే వణుకు, చెమటలు, మూర్ఛలు (ఫిట్స్) రావచ్చు. రెండు మూడు రోజుల్లో కొందరికి మతి భ్రమిస్తుంది. డెలీరియం ట్రెమెన్స్ అనే ఆ స్థితికి చికిత్స అందకపోతే మనిషి చనిపోవచ్చు. వైద్యుల పర్యవేక్షణలో మత్తును నెమ్మదిగా దించే మందులు, థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. తరువాత తాగాలన్న తహతహను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటివి ఉన్నాయి. కౌన్సెలింగ్ ఉంది, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే, 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి బృందాలున్నాయి. మానాలన్న పట్టుదల కూడా కావాలి, కానీ మూర్ఛను ఆపడం పట్టుదల వల్ల కాదు.

పొద్దున్నే చేతులు వణికి, గుక్క పడితే గానీ ఆ వణుకు ఆగని మనిషి మీ ఇంట్లో ఉంటే ఒట్లు పెట్టించకండి. ముందు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.