గోడకు ఆనిన వీపు

పిల్లల ఫొటోలకు ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, అంటే పెద్ద సెన్సర్ (వెలుతురును పట్టే భాగం) ఉన్నది, తప్పనిసరి అని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నాకు మింగుడుపడలేదు. దాని 36×24 మిల్లీమీటర్ల సెన్సర్ మసక వెలుతురులో దాదాపు ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపైనంత, మేలు చేస్తుంది, కాదనను. కానీ ఇంట్లో అసలు చిక్కు లెన్సుతోనే. నా క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరాకు మొదట 50 ఎంఎం లెన్సు కొని పొరపడ్డాను. 1.5 రెట్ల క్రాప్ వల్ల అది ఫుల్‌ఫ్రేమ్ మీది 75 ఎంఎం లెన్సులా ఇరుకుగా చూపిస్తుంది. పాప పుట్టినరోజున వెనక్కి జరిగి జరిగి వీపు గోడకు ఆనింది, అయినా తాతయ్య సగమే పడ్డారు! ఇంకాస్త వెడల్పుగా చూపే, ఎఫ్ 1.8 వరకు తెరుచుకుని ఎక్కువ వెలుతురు రానిచ్చే 35 ఎంఎం లెన్సు తీసుకున్నాక ఆ బాధ తీరింది. తర్వాత ఫుల్‌ఫ్రేమ్ కూడా వాడాను. ఫొటోలు బాగానే వచ్చేవి. కానీ చంకలో పిల్ల, భుజాన ఆ కెమెరా బరువు మోయలేక చాలాసార్లు బీరువాలోనే వదిలి వెళ్లేవాణ్ని. చివరికి అమ్మేశాను.