‘కమ్ టేస్ట్ ద బ్యాండ్’: ఇల్లరికం వచ్చిన గిటార్

“మంచి ఆల్బమే, కానీ డీప్ పర్పుల్ ఆల్బమ్ కాదు.” రాక్ బృందం డీప్ పర్పుల్ 1975లో తెచ్చిన ‘కమ్ టేస్ట్ ద బ్యాండ్’ ప్రస్తావన రాగానే యాభై ఏళ్లుగా వినిపిస్తున్న మాట ఇది. పెళ్లిచూపులకు వెళ్లివచ్చినవారు ‘పిల్ల బాగుంది, కానీ...’ అన్నట్టుంటుంది. ఆ ‘కానీ’ పడ్డాక ముందున్న మెచ్చుకోలుకు విలువ లేదు, సంబంధం తప్పిపోయినట్టే. నా పేచీ ఆ ‘కానీ’తోనే. ఈ ఆల్బమ్‌లో లోపాలున్నాయి, అవీ చెబుతాను. దాన్ని పక్కన పెట్టడానికి అందరూ చూపే కారణం, గిటారిస్ట్ మారాడన్నది, మాత్రం నిలబడదు.

తెలియనివారి కోసం కథ క్లుప్తంగా. మన కాలేజీ హాస్టళ్లలో కొత్తగా గిటార్ కొన్న కుర్రవాడు పక్కగది వాళ్ల సహనాన్ని పరీక్షిస్తూ వాయించే ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరుస) ఈ ఇంగ్లండ్ బృందానిదే. 1972 నాటి ‘మెషీన్ హెడ్’లో ఉంది. ఆ రిఫ్ గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్‌ది. 1973లో గాయకుడు ఇయాన్ గిలన్, బాస్ గిటారిస్ట్ రోజర్ గ్లోవర్ వెళ్లిపోయారు. బట్టల దుకాణంలో పనిచేస్తున్న డేవిడ్ కవర్‌డేల్ గాయకుడయ్యాడు. ట్రపీజ్ బృందం నుంచి గ్లెన్ హ్యూస్ బాస్ గిటార్‌తో పాటు తన ఎత్తైన గొంతునూ వెంటబెట్టుకుని వచ్చాడు. హ్యూస్‌కు అమెరికా నల్లజాతి సంగీతం ప్రాణం. ఆ గాలి బృందంలోకి ఎంతగా వీచిందో 1974 చివర్లో వచ్చిన ‘స్టార్మ్‌బ్రింగర్’ ఆల్బమ్ వింటే తెలుస్తుంది. బ్లాక్‌మోర్‌కు అది గిట్టలేదు. 1975 ఏప్రిల్‌లో పారిస్ కచేరీ ముగించుకుని తన దారి తాను చూసుకున్నాడు, రెయిన్‌బో బృందాన్ని నిలబెట్టుకున్నాడు.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న. అప్పటికి డీప్ పర్పుల్ ఇద్దరు గాయకులను మార్చింది. రాడ్ ఎవాన్స్ పోయి గిలన్ వచ్చాడు, గిలన్ పోయి కవర్‌డేల్ వచ్చాడు. గొంతు మారినా ఇంటిపేరు మారలేదని అభిమానులు ఒప్పుకున్నారు. గిటారిస్ట్ మారగానే ఇంటిపేరు చెల్లదన్నారు. హార్డ్ రాక్‌లో రిఫ్ ఇంటికి దూలం లాంటిదని వారి వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే దూలం మార్చిన ఇల్లు కూలిందా, నిలిచిందా అన్నది లోపలికి వెళ్లి చూసి చెప్పాలి కదా? చాలామంది వాకిట్లోనే ఆగిపోయారు.

కొత్తగా వచ్చినవాడు టామీ బోలిన్. అమెరికాలోని అయోవా రాష్ట్రం, సూ సిటీలో 1951 ఆగస్టు 1న పుట్టాడు. ‘కమ్ టేస్ట్ ద బ్యాండ్’ రికార్డింగ్ ఆగస్టు 3న మొదలైంది. అంటే ఇరవై నాలుగో పుట్టినరోజు జరుపుకున్న రెండు రోజులకే పర్పుల్ స్టూడియోలో సింహాసనం ఎక్కాడు. అంతకుముందు జెఫిర్, జేమ్స్ గ్యాంగ్ బృందాల్లో వాయించాడు. కవర్‌డేల్ చెవిలో పడింది మాత్రం బిల్లీ కోబామ్ 1973లో తెచ్చిన జాజ్-రాక్ ఆల్బమ్ ‘స్పెక్ట్రమ్’. కోబామ్ అంటే మహావిష్ణు ఆర్కెస్ట్రాలో గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన డ్రమ్స్ వాయించినవాడు. ఈ మెక్‌లాఫ్లినే తర్వాతి కాలంలో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రపంచమంతా కచేరీలు చేశాడు. దూరపు చుట్టరికమే అయినా, సంగీతంలో గోడలు ఎంత పలచనో చెప్పడానికి పనికొస్తుంది. ‘స్పెక్ట్రమ్’లో మొదటి పాట ‘క్వాడ్రంట్ 4’ వినండి. జాజ్ చదువు చదవని కుర్రవాడు కోబామ్ ఉరుకుల మీద బెదురు లేకుండా స్వారీ చేస్తాడు.

అలాంటివాడు పర్పుల్‌కు ఇల్లరికం వచ్చాడు. ఇల్లరికపు అల్లుడి బాధ మనకు చెప్పక్కర్లేదు. ఎంత సంపాదించి పెట్టినా, పండక్కి చుట్టాలు వచ్చినప్పుడు పోలిక ఆ ఇంటి కొడుకుతోనే. దానికి తోడు బోలిన్ తన సొంత కాపురమూ వదులుకోలేదు. ‘టీజర్’ అనే సోలో ఆల్బమ్ అదే ఏడాది నవంబరులో, దాదాపు పర్పుల్ ఆల్బమ్‌తో కలిసే వచ్చింది. పర్పుల్ పర్యటన వల్ల దాన్ని వెంటేసుకుని ఊళ్లు తిరిగే వీలు అతనికి దొరకలేదు.

మ్యూనిక్‌లోని మ్యూజిక్‌ల్యాండ్ స్టూడియోలో, నిర్మాత మార్టిన్ బర్చ్ చేతిమీదుగా, నెల రోజుల్లో ఆల్బమ్ పూర్తయింది. నిడివి 37 నిమిషాలు. మొదటి పాట ‘కమింగ్ హోమ్’ పరుగు మీద మొదలవుతుంది. ఇందులో హ్యూస్ లేడు. మాదకద్రవ్యాల బాధతో అప్పటికే స్టూడియోకు దూరమయ్యాడు, బాస్ గిటార్ కూడా బోలినే వాయించాడు. ‘లేడీ లక్’ బోలిన్ వెంట తెచ్చుకున్న పాత పాట. ‘డీలర్’ మత్తు అమ్మేవాడి గురించి. రాసింది కవర్‌డేల్, మధ్యలో కొన్ని పంక్తులు పాడింది బోలిన్. ఆ గొంతుతో ఆ మాటలు వింటుంటే, తర్వాత జరిగింది తెలిసినవారికి కడుపులో తిప్పినట్టవుతుంది.

నేను ఆగేది ‘గెటిన్ టైటర్’ దగ్గర. బోలిన్, హ్యూస్ కలిసి కట్టారు, హ్యూస్ పాడాడు. రిఫ్ బరువైనదే, కాకపోతే బ్లాక్‌మోర్ రిఫ్‌లా నేల మీద పాతుకుపోయినట్టుండదు, మోకాళ్ల దగ్గర స్ప్రింగులున్నట్టు ఊగుతుంది. సగం దాటాక పాట ఒక్కసారిగా ఊపిరి బిగబట్టి ఫంక్‌లోకి, అంటే హ్యూస్ మెచ్చిన ఆ నల్లజాతి తాళాల సంగీతంలోకి, జారుతుంది. గిటార్ చిన్న చిన్న ముక్కలుగా తెగి పడుతుంది, బాస్ కింద నుంచి గిల్లుతుంది, డ్రమ్మర్ ఇయాన్ పేస్ కర్రలు వాటి మధ్య ఖాళీలను ఏరుకుంటాయి. మళ్లీ రిఫ్ విరుచుకుపడేసరికి మనం కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంటాం. ఇది పర్పుల్ కాదనేవారు ఒక్కసారి డ్రమ్స్‌నే పట్టుకుని వినాలి. 1968 నుంచి నేటి దాకా ఈ బృందం ప్రతి ఆల్బమ్‌లోనూ ఉన్న ఒకే ఒక్క మనిషి పేస్. బ్లాక్‌మోర్ పాటలను పరిగెత్తించిన ఆ ఎడమచేతి వాటం చేతులే ఇక్కడా పనిచేస్తున్నాయి. రిఫ్ దూలమైతే, ఈ ఇంటి పునాది వేరే చోట ఉందని నా నమ్మకం.

గిటార్ సంగతికి వస్తే, ఇద్దరి చేతులూ వేరు. బ్లాక్‌మోర్ సోలోలో గీతలు గీసినట్టుంటాయి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు వాసనతో మెట్టు మెట్టుగా ఎక్కుతాయి. బోలిన్‌ది రంగులు కలిపే చెయ్యి. స్లైడ్ (తీగల మీద గొట్టం జార్చి వాయించడం), ప్రతిధ్వని పరికరం, ఒక గిటార్ మీద మరో గిటార్ పొరలు పొరలుగా పేర్చి స్టూడియోలో అల్లే పద్ధతి. అందుకే ఆల్బమ్‌లో ‘ఇదిగో సోలో’ అని దండోరా వేసే ఘట్టాలు తక్కువ. ఆ దండోరా కోసం వచ్చినవారికి నిరాశ సహజం.

అయితే ఫంక్ మరక బోలిన్ తెచ్చి అంటించాడన్న ఆరోపణ మాత్రం ఒట్టి అన్యాయం. అది ‘స్టార్మ్‌బ్రింగర్’ నాటికే, బ్లాక్‌మోర్ ఇంట్లో ఉండగానే, గడప దాటి లోపలికి వచ్చింది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఆల్బమ్ చివరి పాట ‘యూ కీప్ ఆన్ మూవింగ్’. ఇది కవర్‌డేల్, హ్యూస్ 1973లోనే రాసుకున్న పాట. 1974 నాటి ‘బర్న్’ ఆల్బమ్ కోసం ముందుకు పెడితే అప్పుడు పక్కన పడేశారు. అంటే ‘పర్పుల్ కాని’ ఈ ఆల్బమ్‌లోని శిఖరం రెండేళ్లుగా పర్పుల్ పెట్టెలోనే మూలుగుతూ ఉంది. బోలిన్ వచ్చాక దానికి తలుపు తెరుచుకుంది. అతను తెచ్చిన మార్పుకన్నా అతను అడ్డుపడకపోవడం వల్ల బయటపడినదే ఎక్కువ.

ఇప్పుడు లోపాలు. ‘ఐ నీడ్ లవ్’, ‘డ్రిఫ్టర్’ రెండూ జాగా నింపడానికి పెట్టిన పాటల్లా వినిపిస్తాయి. అంతకన్నా పెద్ద లోటు బృందంలో ఆర్గాన్ వాయించే జాన్ లార్డ్ వెనకబడిపోవడం. హ్యామండ్ ఆర్గాన్‌కూ గిటార్‌కూ మధ్య సాగే వాగ్వాదమే ఒకప్పుడు పర్పుల్ ఆయువుపట్టు. బ్లాక్‌మోర్ పోయాక లార్డ్‌కు ఎదురు మాట్లాడేవాడు లేక సగం పాటల్లో వెనకబెంచీలో కూర్చున్నట్టనిపిస్తాడు. ‘లవ్ చైల్డ్’ మధ్యలో సింథసైజర్‌తో ఒకసారి ఉలిక్కిపడేలా చేస్తాడు. ‘దిస్ టైమ్ అరౌండ్’లో మాత్రం గిటార్ లేదు, డ్రమ్స్ లేవు, లార్డ్ వాద్యాలూ హ్యూస్ గొంతూ తప్ప మరేమీ లేవు. ఆ మూడు నిమిషాల తర్వాత బోలిన్ వాద్యసంగీతం ‘ఓడ్ టు జి’ అతుకు తెలియకుండా మొదలవుతుంది. ‘జి’ అంటే అమెరికా స్వరకర్త జార్జ్ గెర్ష్విన్. హార్డ్ రాక్ బృందం గెర్ష్విన్‌కు నమస్కారం పెట్టడం అప్పట్లో ఎందరికి రుచించి ఉంటుందో!

అమ్మకాలు పడిపోయాయి. ‘స్టార్మ్‌బ్రింగర్’ బ్రిటన్ జాబితాలో 6వ స్థానం, అమెరికాలో 20వ స్థానం చూసింది. ఇది 19, 43 దగ్గర ఆగింది. ఆ లెక్క బ్లాక్‌మోర్ లేడన్న అలక. దాన్ని శాశ్వత తీర్పుగా మార్చింది మాత్రం తర్వాతి పర్యటన. 1975 డిసెంబరులో జకార్తాలో కచేరీలు గందరగోళంగా జరిగాయి, బృందం సిబ్బందిలో ఒకరు హోటల్లో లిఫ్టు గుంతలో పడి చనిపోయారు. మత్తులో చేతి మీద పడుకుని నిద్రపోవడంతో బోలిన్ ఎడమచెయ్యి మొద్దుబారిపోయింది. ఆ చేత్తోనే టోక్యో బుడోకాన్ వేదిక ఎక్కాడు. గిటార్ పలకాల్సిన చోటల్లా లార్డ్ ఆర్గాన్‌తో పూడ్చుకుంటూ పోయాడు. ఆ రాత్రి రికార్డింగ్ 1977లో ఎల్పీగా మార్కెట్‌లోకి వచ్చింది. చెయ్యి పడిపోయిన రోజు తీసిన ఫొటోను గుర్తింపు కార్డు మీద అతికించినట్టయింది. 1976 మార్చి 15న లివర్‌పూల్‌లో చివరి కచేరీ, జులైలో బృందం రద్దయినట్టు ప్రకటన. డిసెంబరు 4న, మయామీలో గిటారిస్ట్ జెఫ్ బెక్ కచేరీకి ముందు వాయించిన మరునాడే, బోలిన్ మత్తుమందుల వల్ల చనిపోయాడు. అతనికి ఇరవై అయిదేళ్లు.

నా దృష్టిలో ఈ ఆల్బమ్ తన నేరానికి శిక్ష అనుభవించలేదు. వేదిక మీద జరిగినదానికి స్టూడియో పనిని బోనెక్కించారు. 1984లో పాత అయిదుగురూ మళ్లీ కలిసి ‘పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్’ తెచ్చేసరికి, మధ్యలో జరిగిందంతా దారి తప్పిన పయనంగా రాసేసుకోవడం అందరికీ సులువైపోయింది. 2016లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ డీప్ పర్పుల్‌ను చేర్చుకున్నప్పుడు రాడ్ ఎవాన్స్ సహా ఎనిమిది మంది పేర్లు చదివారు. బోలిన్ పేరు వాటిలో లేదు. మరోపక్క కవర్‌డేల్ తన వైట్‌స్నేక్ బృందంతో 2015లో పర్పుల్ పాటలను తిరిగి పాడినప్పుడు ‘లవ్ చైల్డ్’నూ ‘యూ కీప్ ఆన్ మూవింగ్’నూ మరిచిపోలేదు. ఇంట్లో ఉన్నవాడికి తెలుసు ఏ గిన్నెలో ఏముందో.

వినదలచుకుంటే 2010లో కెవిన్ షర్లీ కొత్తగా మిక్స్ చేసిన కూర్పు కూడా ఉంది, పాత ఎల్పీకన్నా గిటార్ పొరలు విడివిడిగా తెలుస్తాయి. మొదటి పాటతో మొదలుపెట్టకండి. చివరిదానితో మొదలుపెట్టండి. ముందుగా హ్యూస్ బాస్ ఒక్కటే నడుచుకుంటూ వస్తుంది. కవర్‌డేల్ మంద్రంలో అందుకుంటాడు, హ్యూస్ పైన కలుస్తాడు. కాసేపటికి లార్డ్ ఆర్గాన్ చాలా రోజుల తర్వాత ఇంటికొచ్చినవాడిలా గొంతు సవరించుకుంటుంది. బోలిన్ తొందరపడడు. తన వంతు వచ్చేదాకా ఆగుతాడు.