ఎండలో పూస్తే మచ్చలే మిగుల్తాయి: ఇంట్లో సిరామిక్ కోటింగ్‌పై తిరుగుతున్న మాటలకు జవాబు

"కారును షాంపూతో కడగండి. 9హెచ్ సిరామిక్ సీసా ఒకటి కొని మంచి ఎండలో పూసేయండి. ఉన్న గీతలు పోతాయి, కొత్తవి పడవు, ఐదేళ్లు కడిగే పని లేదు. షాపులకు వేలకు వేలు పోయొద్దు." బెజవాడ, గుంటూరు కార్ల వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా తెగ తిరుగుతోంది. సిరామిక్ కోటింగ్ అంటే కారు పెయింటు మీద పూస్తే పల్చటి గట్టి పొరగా మారే ద్రవం. ఇంట్లో చేసుకోవచ్చన్న మాట వరకూ నిజమే. మిగతాదంతా పెయింటు పాడయ్యే దారి.

ముందు ఎండ సంగతి, ఎక్కువ నష్టం అక్కడే కాబట్టి. కోటింగ్‌లోని ద్రావకం ఆవిరయ్యాక మిగిలిన పొర గాలిలోని తేమతో గట్టిపడుతుంది. పూశాక తుడవడానికి సీసా మీద ఒకటి నుంచి మూడు నిమిషాలని రాసి ఉంటుంది. ఆ లెక్క 20, 25 డిగ్రీల గదికి. మే నెలలో మన ఎండకు బానెట్ మీద చెయ్యే ఆనించలేం, అక్కడ గుడ్డ మడత మార్చేలోపే పట్టేస్తుంది. తుడవగా మిగిలిపోయినచోట నూనె మరకల్లా మసక మచ్చలు తేలతాయి. గంటలోపు చూసుకుంటే అదే ద్రవం ఇంకో రెండు చుక్కలు వేసి రుద్ది తుడిస్తే పోతాయి. మర్నాటికైతే పాలిష్ పట్టి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

అపార్ట్‌మెంట్ సెల్లారో, కప్పున్న షెడ్డో చాలు. బండి ఆపి రెండు మూడు గంటలు చల్లారనివ్వండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలమే కానీ తెల్లవారుజామున మంచు పడుతుంది, రేకు మీద చెమ్మ పూర్తిగా ఆరాకే మొదలుపెట్టాలి. వానాకాలపు ఉక్కలో కూడా పొర తొందరగా బిగుస్తుంది, అప్పుడు ఒక్కోసారి అడుగున్నర చదరం మించి పూయొద్దు. స్పాంజి దిమ్మకు సూడ్ గుడ్డ (మెత్తటి నూగున్న గుడ్డ) చుట్టి ఆరేడు చుక్కలు వేసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. ఇంద్రధనుస్సు రంగులు తేలగానే పొట్టి పోగుల మైక్రోఫైబర్‌తో తీసి, రెండో పొడి గుడ్డతో మెరుగు పెట్టండి. ప్యానెల్ అయినప్పుడల్లా టార్చి ఏటవాలుగా వేసి చూడండి. 30 మిల్లీలీటర్లు చిన్న కారుకు ఒక పూతకు సరిపోయి ఇంకా మిగులుతుంది. వాడిన గుడ్డలు పారేయండి, ఎండాక అవి గరుకు కాగితంతో సమానం.

ఇక పూతకు ముందు చేయాల్సిన పనులు. "షాంపూ చాలు" అనే వాళ్లు ఓ పని చేయాలి. కడిగి ఆరిన బానెట్ మీద, పల్చటి పాలిథిన్ కవరు తొడిగిన చేతిని మెల్లగా జరపాలి. గరగరలాడితే, బ్రేకుల నుంచో రైలు పట్టాల నుంచో రాలిన ఇనుప రజను క్లియర్ కోట్‌లో, అంటే రంగు మీదుండే పారదర్శక పొరలో గుచ్చుకుని ఉన్నట్టు. షాంపూకు అది రాదు. నీడలో ఐరన్ రిమూవర్ (ఇనుప రజను కరిగించే ద్రవం) చల్లితే మూడు నాలుగు నిమిషాల్లో ఊదా రంగు కారుతుంది. ఎండిపోకముందే కడిగేయాలి, గ్లవ్స్ తప్పనిసరి, కంపు మాత్రం భరించాలి. ఆ తర్వాత క్లే, అంటే అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద. 100 గ్రాముల ముద్దలో సగం తీసి, షాంపూ నీళ్లు ధారాళంగా చల్లుతూ, నొక్కకుండా జరపండి, మురికి పట్టగానే మడిచి కొత్త ముఖం తిప్పండి. నేల మీద పడిన ముక్కను మళ్లీ తీసుకోవద్దు, అంటుకున్న ఇసుకతో పెయింటంతా గీరుకుపోతుంది.

గీతలు తీసేది పాలిషే. ఫ్యాక్టరీ క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లుంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కోటింగ్ మహా అయితే ఒకటి రెండు. అది గీతను పూడ్చదు, అద్దంలా మెరిసి ఇంకా బాగా చూపిస్తుంది. డ్యుయల్ యాక్షన్ మెషీన్‌కు (ప్యాడ్ తిరుగుతూనే ఊగే పాలిష్ మెషీన్) మెత్తటి ప్యాడ్ తొడిగి, నాలుగు శనగ గింజలంత పాలిష్‌తో రెండడుగుల చదరం చొప్పున పట్టండి. క్లియర్ కోట్ కొంత అరుగుతుంది కనుక ఏటేటా చేసే పని కాదు. పాలిష్ అయ్యాక, కోటింగ్ పూసే ముందు, ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు మూడు నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి తుడవాలి. పాలిష్ నూనె మిగిలితే కోటింగ్ పట్టదు, నెలల్లోనే లేచిపోతుంది. అప్పుడు జనం సీసాను తిడతారు.

ఇక 9హెచ్. అది పెన్సిల్ పరీక్ష కొలత. 9హెచ్ పెన్సిల్ ములికికి గీత పడలేదని మాత్రమే అర్థం. ఖనిజాల గట్టితనం చెప్పే, వజ్రం 10గా ఉన్న మోస్ కొలతతో దానికి చుట్టరికం లేదు. రోడ్డు దుమ్ములోని ఇసుక మోస్ కొలతలో 7, పొడిగుడ్డతో దుమ్ము దులిపితే కోటింగున్నా గీతలు పడతాయి.

కడగక్కర్లేదా? ఉప్పు బోరు నీళ్లు చుక్కలుగా నిలిచి ఎండితే తెల్ల వలయాలే. చివరి కడుగు మున్సిపల్ నీళ్లతో చేసి వెంటనే తుడవండి. పడిన మరక కొత్తదైతే తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడిచి కడిగితే పోతుంది. పూసిన మొదటి రోజు నీళ్లు తగలనివ్వద్దు, వారం దాకా షాంపూ వద్దు.

ఆటోనగర్‌లో ఈమధ్యే పెయింటు వేయించిన డోరు ఉంటే కనీసం నెలరోజులు దాన్ని వదిలేయండి, లోపలి ద్రావకం ఇంకా బయటకు రావాలి. దాని కోసమని మిగిలిన సీసా దాచకండి. మూత తీశాక తేమ తగిలి అందులోనే గడ్డకడుతుంది.