సర్వర్ ఆపుకోండి, తాళంచెవి ఇచ్చి వెళ్లండి

బెంగళూరు మారతహళ్లిలో నేనుండే పీజీలో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండో అంతస్తు గదిలో ఐపీఎల్ మొదలవుతుంది. నడిచేది ఒక పాత ల్యాప్‌టాప్‌లో. గేమ్ పేరు ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07. అది వచ్చింది 2006 నవంబరులో. ఆ సిరీస్‌లో అదే ఆఖరిది. ఐపీఎల్ మొదటి సీజన్ జరిగిందేమో 2008లో. అంటే ఆ తెరమీద కనిపించే బెంగళూరు ఎర్ర జెర్సీ, చెన్నై పసుపు జెర్సీ, ఆటగాళ్ల పేర్లు, స్కోరుబోర్డు, వీటిలో ఒక్కటీ కంపెనీ పెట్టింది కాదు. అన్నీ ఆడేవాళ్లు చేసి పెట్టినవే.

మా గదుల్లో ప్రొద్దుటూరు కుర్రాడొకడున్నాడు. వేలం ముగిసిన రాత్రే, "అన్నా, రోస్టర్ మార్చాల" అని కూర్చుంటాడు. రోస్టర్ అంటే జట్ల ఆటగాళ్ల జాబితా. ఎవరు ఏ జట్టుకి పోయారో చూసుకుని పేర్లు మారుస్తాడు. గేమ్ బొమ్మలు దాచి ఉంచే ‘.బిగ్’ అనే ఫైళ్లు విప్పి పాత జెర్సీ బొమ్మ తీసి కొత్తది పెడతాడు. ఇలాంటి వాళ్లు దేశమంతా ఉన్నారు, ఎవరూ జీతం ఇవ్వరు. పగలు ఆఫీసులో మేం చేసేదీ దాదాపు ఇదే: ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్‌ని ఆగిపోకుండా చూసుకోవడం. ‘సపోర్ట్ ప్రాజెక్టా’ అని మన పెళ్లిచూపుల్లో కూడా కాస్త తక్కువగా చూస్తారు గానీ, ఈ ఊళ్లో వేలమంది తెలుగువాళ్లకి అన్నం పెడుతున్నది ఆ పనే. అందుకే ఈ కుర్రాళ్ల శ్రమ విలువ నాకు బాగా తెలుసు.

అయితే వీళ్ల శ్రమ ఫలించడానికి ఒక కారణం ఉంది. క్రికెట్ 07 మొత్తం డిస్కులోనే ఉంది. విప్పి చూసుకోవడానికి అన్నీ చేతిలోనే ఉన్నాయి. ఆన్‌లైన్ ఆటలు చాలావరకు అలా ఉండవు. సగం ఆట మన దగ్గర, సగం ఆట కంపెనీ సర్వర్లో, అంటే వాళ్లు నడిపే కంప్యూటర్లో.

ఇందులోనూ తేడాలున్నాయి. గేమ్‌స్పై అనే సేవ 2014లో మూతపడినప్పుడు 2005 నాటి బ్యాటిల్‌ఫీల్డ్ 2 లాంటి యుద్ధపు గేమ్‌లు ఆన్‌లైన్లో ఆగిపోయాయి. కానీ గేమ్‌స్పై ముఖ్యంగా చేసింది, ఆట ఎక్కడెక్కడ నడుస్తోందో చెప్పడం. మెజెస్టిక్ బస్టాండులో విచారణ కౌంటర్ మూసేస్తే బస్సులు ఆగవు కదా! అభిమానులు తమ కౌంటర్ తాము తెరుచుకున్నారు, ఆటలో పాత అడ్రసు తీసి కొత్తది రాసుకున్నారు, బస్సులు కదిలాయి.

‘ది క్రూ’ సంగతి వేరు. 2014లో యూబీసాఫ్ట్ తెచ్చిన కారు పందేల గేమ్ అది. ఒక్కడే ఆడుకున్నా సర్వర్‌తో సంబంధం ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డబ్బులు పోసి కొన్న డిస్కు ఆ రోజుతో ఉత్త బిళ్ల అయింది. సర్వర్ ఏ ప్రశ్నకి ఏం జవాబు చెప్పేదో పట్టుకుని, అలాంటిదే సొంతంగా రాసి, అభిమానులు 2025లో దాన్ని మళ్లీ నడిపించారు. నాకు వాళ్లమీద గౌరవం ఉంది, ఆ శ్రమ వాళ్లమీద పడినందుకు కోపమూ ఉంది. ఆ జవాబులన్నీ కంపెనీ దగ్గర రాసి పెట్టే ఉన్నాయి.

సరిగ్గా ఆ మర్నాడే, 2024 ఏప్రిల్ 1న, మన రిజర్వ్ బ్యాంకు నిబంధన ఒకటి అమల్లోకి వచ్చింది. బ్యాంకులు తమ కీలకమైన అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ని, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌ని, అమ్మినవాళ్ల దగ్గర తీసుకోవాలి. అది కుదరకపోతే ఎస్క్రో లాంటి ఏర్పాటు చేసుకోవాలి. ఎస్క్రో అంటే కోడ్‌ని మూడో మనిషి దగ్గర ఉంచి, అమ్మినవాడు చేతులెత్తేస్తే కొన్నవాడికి అందేలా రాసుకునే ఒప్పందం. బ్యాంకుకి ఉన్న ఈ భరోసా ఆట కొన్న కుర్రాడికి ఎందుకు ఉండకూడదు? బ్యాంకుకున్నంత అవసరం ఆటకి లేదంటారా, ఒప్పుకుంటాను. కానీ కొన్నవాడు కొన్నవాడే.

కంపెనీల పెద్ద అభ్యంతరం లైసెన్సులు. కార్ల పేర్లు, పాటలు, ఇతరుల కోడ్ కలిసి ఉంటాయి, బయట పెట్టలేం అంటారు. నిజమే, కానీ దారి లేకపోలేదు. 1997లో ఐడీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ తన డూమ్ గేమ్ సోర్స్ కోడ్ విడుదల చేసినప్పుడు, పాత డాస్ కంప్యూటర్ల వెర్షన్‌లో శబ్దాలు వినిపించే కోడ్ వేరేవాళ్లది. అది వదిలేసి మిగతాది ఇచ్చారు. ఆ ఖాళీని అభిమానులు పూడ్చుకున్నారు, డూమ్ ఈనాటికీ నడుస్తోంది. 2012లో మూతపడ్డ సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ గేమ్‌ని అభిమానులు తమ సర్వర్ల మీద నడుపుకుంటుంటే, 2024 జనవరిలో హక్కుదారైన ఎన్‌సీసాఫ్ట్ వాళ్లకి లైసెన్సే ఇచ్చింది.

మన చట్టంలోనూ కొంత చోటుంది. చట్టబద్ధంగా ప్రోగ్రాం పొందినవాడు, మరో ప్రోగ్రాం దానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం మరో విధంగా తేలిగ్గా దొరకనప్పుడు దాన్ని రాబట్టుకోవచ్చని కాపీరైట్ చట్టం సెక్షన్ 52 చెబుతోంది. జట్ల లోగోలు మాత్రం ఫ్రాంచైజీల సొత్తు. ప్యాచ్‌లు, అంటే ఇలా మార్చిన ఫైళ్లు, అమ్ముకునేవాళ్లని నేను సమర్థించను.

యూరప్‌లో, అమ్మిన గేమ్‌లని కంపెనీ వదిలేశాక కూడా ఆడుకునేలా ఉంచాలని కోరుతూ పెట్టిన పౌర అభ్యర్థనకి 2025 జులైలో సంతకాలు 10 లక్షలు దాటాయి. మన దేశంలో ఇంకా ఎవరూ గట్టిగా అడగడం లేదు. నేను అడిగేది పెద్దదేమీ కాదు. సర్వర్ కనీసం ఏ తేదీ దాకా ఉంటుందో కొనే ముందే రాయండి. ఆ తేదీ దాటాక నడపలేకపోతే, సర్వర్ ప్రోగ్రాం ఇవ్వండి. అదీ ఇవ్వలేకపోతే, సొంతంగా నడుపుకునేవాళ్ల మీద కేసు పెట్టబోమని ఒక్క కాగితం రాసివ్వండి. మిగతా పని మా ప్రొద్దుటూరు కుర్రాడిలాంటి వాళ్లు చూసుకుంటారు.